బోటు ఇంజన్ వేడెక్కితే: అంతర్వేది మొగ దగ్గర నా అనుభవం

మాది ఫైబర్ బోటు. దానికి 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ (పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోసే రకం) అవుట్‌బోర్డ్ ఇంజన్, అంటే బోటు వెనక బయట తగిలించేది. నాన్న పోయాక బోటు నా చేతికొచ్చింది, వేటకి చిన్నాన్న తోడొస్తాడు. వరదల తరవాత ఆ ఇంజన్ వేడెక్కడం మొదలై పదకొండు రోజులు మమ్మల్ని ఒడ్డున కూర్చోబెట్టింది. మన వైపు ఈ ఇంజన్ల మీదే బతికేవాళ్లు ఎంతోమంది. అందుకే ఎక్కడ పొరపాటు చేశానో దాచకుండా రాస్తున్నాను.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం మొదటి హెచ్చరిక 11.75 అడుగులు దాటి, మళ్లీ దిగిపోయిన వారానికి వల పట్టుకుని వెళ్లాం. మా గోదావరి పాయ వశిష్ఠ ఇంకా ఎర్రగానే పారుతోంది. చెంబుతో ముంచి కాసేపు పక్కన పెడితే అడుగున ఒండ్రు పేరుకునేది. వేట ముగించుకుని మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటి లోపలికి వస్తుంటే ఇంజన్ గొంతు మారింది. ఎంత రేజ్ చేసినా బలం రావట్లేదు, పెయింటు కాలిన వాసన. వెనక్కి తిరిగి చూస్తే ఇంజన్ పక్క నుంచి ఎప్పుడూ పడే నీటి ధార లేదు.

"ఆపెయ్యరా, ముందు ఆపెయ్!" అని అరిచాడు చిన్నాన్న.

ఆపేశాను. పాటు మొదలైంది, నీరు సముద్రం వైపు లాగుతోంది. ఆయన లంగరు వేశాడు. నేను మూత తీసి బకెట్‌తో నీళ్లు పోయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. అంత వేడి మీద ఒక్కసారిగా చన్నీళ్లు పడితే హెడ్డు (సిలిండర్ పైన బిగించే లోహపు మూత) వంకరపోవచ్చు, పగలొచ్చు. అరగంట అలాగే వదిలేశాం. ఇంజన్ పైకి వంచి చూస్తే నీళ్లు పీల్చుకునే జాలీకి గుర్రపుడెక్క వేర్లు, ఒక పాల కవరు ముక్క అడ్డం పడి ఉన్నాయి. అవి లాగేసి స్టార్ట్ చేస్తే ధార వచ్చింది గానీ సన్నగా, తెగితెగి వచ్చింది. నెమ్మదిగా నడుపుకుంటూ ఒడ్డు చేరాం.

కారుకీ లారీకీ ఉన్నట్టు ఈ ఇంజన్‌కి రేడియేటర్ ఉండదు. బోటు ఏ నీటిలో తిరిగితే ఆ నీళ్లే లోపలికి వెళ్లి చల్లబరుస్తాయి. కింద గేర్ కేస్ (ఫ్యాను తిప్పే గేర్లుండే పెట్టె) మీద ఉండే చిన్న పంపు వాటిని గొట్టంలోంచి పైకి తోస్తుంది. పంపులో తిరిగేది రబ్బరు ఇంపెల్లర్, మా ఇంజన్‌లో దానికి ఆరు రెక్కలు. వరద నీటిలోని సన్న ఇసుక వాటి మీద ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. నీళ్లు లేకుండా కొద్ది సెకన్లు తిరిగినా రబ్బరు కాలిపోతుంది. మాకు రెండూ జరిగాయి.

మర్నాడు నరసాపురం వెళ్లి కొత్త ఇంపెల్లర్ తెచ్చాను. గేర్ కేస్ బోల్టులు విప్పి, గేర్ రాడ్డు జాయింటు వదులు చేసి కిందికి దించడానికే మధ్యాహ్నమైంది. ఉప్పుకి బోల్టులు అంతలా పట్టేశాయి. పాత ఇంపెల్లర్ చిరిగి ఉంది, తీసి పక్కన బకెట్లో పడేశాను. కొత్తదానికి సబ్బునీళ్లు రాసి, షాఫ్టుని పైనుంచి చూస్తే గడియారం తిరిగే వైపుకి తిప్పుతూ పంపు హౌసింగ్ (పై డొప్ప) కిందికి నొక్కాను. అలా తిప్పుతూ నొక్కితేనే రెక్కలన్నీ సరైన వైపుకి వంగుతాయి. షాఫ్టుకీ ఇంపెల్లర్‌కీ మధ్య ఉండే చిన్న తాళం ముక్క జారిపోకుండా గ్రీజుతో అంటించాను. మళ్లీ బిగించేటప్పుడు నీటి గొట్టం సరిగ్గా పంపు రంధ్రంలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూసుకోవాలి. చాలామందికి ఇబ్బంది వచ్చేది అక్కడే.

నీళ్ల డ్రమ్ములో పెట్టి నడిపితే ధార బాగా వచ్చింది. ఎంత సంతోషపడ్డానో! సాయంత్రం ఏట్లో ఫుల్ స్పీడు ఇస్తే పది నిమిషాలకి మళ్లీ అదే వాసన.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక షాపులో చూపిస్తే హెడ్ గ్యాస్కెట్ (హెడ్డు కింద లీకు కాకుండా వేసే పట్టీ) పోయిందన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చు వింటే టెన్షన్ వచ్చింది. ఆయిల్ తక్కువ కలిపామేమోనని పెట్రోల్ పారబోసి, లీటరుకి 20 మిల్లీలీటర్ల లెక్కన కొత్తగా కలిపాను. తేడా లేదు. తరవాత థర్మోస్టాట్ విప్పాను, అంటే ఇంజన్ వేడెక్కాక తెరుచుకుని నీళ్లు వదిలే వాల్వు. దాని చుట్టూ తెల్లగా ఉప్పు గడ్డకట్టి ఉంది. అమ్మ చింతపండుతో ఇత్తడి చెంబు తోమినట్టు తోమి ఇచ్చింది. దాని వాల్వులో దారం ఇరికించి గిన్నెలో నీళ్లలో వేలాడదీసి, పక్కనే థర్మామీటర్ పెట్టి పొయ్యి మీద కాచాం. 50 డిగ్రీల దగ్గర నోరు తెరిచి దారం వదిలేసింది. అంటే థర్మోస్టాట్ మంచిదే. (కారు థర్మోస్టాట్ ఇంతకంటే చాలా వేడి మీద తెరుచుకుంటుంది. ఇక్కడ సముద్రపు నీటిలోని ఉప్పూ సున్నమూ లోపల పేరుకోకూడదు కాబట్టి తక్కువకే తెరుచుకునేలా చేస్తారు.)

చివరికి నాన్నతో కలిసి పనిచేసిన ఒక ముసలి మేస్త్రి గారి దగ్గరికి వెళ్లాను. అంతా విని ఒకే మాట అడిగారు.

"పాత ఇంపెల్లర్ రెక్కలు లెక్కపెట్టావా బాబూ?"

"లేదండి."

"ఇంటికెళ్లి లెక్కపెట్టు. లేనివి ఎక్కడికి పోయుంటాయో ఆలోచించు."

బకెట్లోంచి తీసి చూస్తే నాలుగే ఉన్నాయి. మిగతా రెండూ మొదలంటా తెగిపోయాయి. తెగిన ముక్కల్ని పంపే నీళ్లతో పాటు పైకి తోసేసింది. అవి దారికి అడ్డం పడ్డాయి. మెల్లగా తిరిగినప్పుడు వచ్చే కాసిని నీళ్లు సరిపోయాయి, ఫుల్ స్పీడులో చాలలేదు. డ్రమ్ములో బాగుండి ఏట్లో వేడెక్కడానికి కారణం అదే.

మళ్లీ అన్నీ విప్పాం. నీటి గొట్టం పై కొసలో ఒక ముక్క ఇరుక్కుని ఉంది, మెత్తటి తీగతో లాగితే వచ్చింది. రెండోది దొరకలేదు. అప్పుడు థర్మోస్టాట్ ఉండే చోట నుంచి వెనక్కి పైపుతో నీళ్లు కొట్టాం. మా బోరు నీళ్లే ఉప్పన, అందుకని పంచాయతీ కుళాయి నుంచి పైపు లాగాం. ముందు బురద, తరవాత ఉప్పు పెళ్లలు, చివరికి చిటికెన వేలి గోరంత నల్లటి రబ్బరు ముక్క జారి నా అరచేతిలో పడింది. రెండు ముక్కల్నీ పాత ఇంపెల్లర్ పక్కన పెట్టి చూశాను. సరిగ్గా అతికాయి.

గ్యాస్కెట్‌కి ఏమీ కాలేదు. ఇప్పుడు వేట నుంచి రాగానే డ్రమ్ములో కుళాయి నీళ్లు పోసి పది నిమిషాలు ఇంజన్ నడుపుతున్నాం.

పన్నెండో రోజు తెల్లవారుజామున మొగ దాకా ఫుల్ స్పీడులో వెళ్లాం. చిన్నాన్న దారంతా వెనక్కి వంగి ధార కింద చెయ్యి పెట్టి ఉంచాడు.

"గోరువెచ్చగా ఉందిరా," అన్నాడు. "పద, వల వేద్దాం."