అడ్వాన్సు ఇంకా మన డబ్బు కాదు

శ్రావణం ముహూర్తాలకి మా బొటిక్‌లో ఆషాఢం నుంచే అడ్వాన్సులు మొదలు. ఫోన్‌పే మోగుతూనే ఉంటుంది. "ఈ నెల బాగా సంపాదించావే" అంటారు అత్తయ్య. నాకేమో ఆ మోత వింటే కుట్టాల్సిన బ్లౌజులే కళ్లముందు కదులుతాయి.

మగ్గం వర్క్ బ్లౌజు 12,000 అనుకోండి. 5,000 అడ్వాన్సు ఇచ్చారు. మా ఆడిటర్ గారు దాన్ని ఆదాయంలో రాయనివ్వరు, బాకీల వైపే. బ్లౌజు ఇవ్వకపోతే తిరిగిచ్చేయాల్సిన డబ్బేగా! బ్లౌజు ఇచ్చేసిన రోజున మాత్రం మొత్తం 12,000 ఆదాయమే, "మిగతాది పెళ్లయ్యాక ఇస్తాం" అన్నా సరే. (అంటారు. తప్పకుండా అంటారు.)

అసలు చిక్కు లెక్కల ఏడాది ముగిసే మార్చి 31న. ఆ రాత్రి మగ్గం మీద సగం నెమలి ఉంది, ఈకలకి జర్దోసీ పడాలి. అడ్వాన్సు మార్చిలో వచ్చింది, డెలివరీ ఏప్రిల్లో. అయితే ఆ ఆదాయం వచ్చే ఏడాదిదే.

సొంత షాపులకి నగదు పద్ధతీ ఉంది, చేతికొచ్చిన రోజే లెక్క. ఏదైనా ఒకటే పట్టుకోవాలి, ఏడాదికోటి మారిస్తే కుదరదు.

జీఎస్టీ దారి మళ్లీ వేరు. రిజిస్ట్రేషన్ ఉంటే కుట్టుకూలి లాంటి సేవలకి అడ్వాన్సు అందినప్పుడే పన్ను పడుతుంది. సరుకు అమ్మేవాళ్లకి 2017 నవంబరు నుంచి ఆ బాధ లేదు. చీరల షాపువాళ్లు అదృష్టవంతులు!