పీసా అని రాసి పోగొట్టుకున్న మార్కులు

మొన్న గ్రూప్‌-1 తుది జాబితాలో నా నంబరు చూసి మా అమ్మ ఏడ్చేసింది. ప్రిలిమ్స్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు, పాత పేపర్లు తిరగేయండి, చాలు. మొదటిసారి మెయిన్స్ ఎందుకు పోయిందో అది చెప్పాలి.

గిరిజన స్వపరిపాలన మీద ప్రశ్న వచ్చింది. నెల్లూరువాణ్ణి కదా అని మా వైపు గిరిజనులైన యానాదులను ఉదాహరణగా తీసుకుని, 1996 పీసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చే చట్టం) వాళ్ల కులపెద్దలకు అండగా ఉందని రెండు పేజీలు రాశాను. పీసా, రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద గిరిజన ప్రాంతాలుగా ప్రకటించినవాటికే, అంటే షెడ్యూల్డ్ ఏరియాలకే. నెల్లూరు, ప్రకాశంలో అలాంటి ఊరు ఒక్కటీ లేదు. ఐటీడీఏ (ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సంస్థ) ఉన్నంత మాత్రాన షెడ్యూల్డ్ ఏరియా అయిపోదు. యానాదుల కోసం జీవితం ధారపోసిన వెన్నెలకంటి రాఘవయ్య గారి జిల్లాలో పుట్టి ఈ తప్పు చేశానే అని చాలా రోజులు నిద్ర పట్టలేదు.

ఆ రోజుల్లోనే మా ఊరి గిరిజన కాలనీలో కుల ధ్రువీకరణ పత్రాల క్యాంపు పెట్టి, ఫారాలు నింపడానికి నన్ను పిలిచారు. పదింటి నుంచి బల్ల వేసుకుని కూర్చుంటే ఒక్కరూ రాలేదు. రొయ్యల గుంటల కాపలాకు పోయినవాళ్లు పోగా, మిగిలినవాళ్లు గుడిసెల్లోంచే చూస్తున్నారు. పన్నెండు దాటాక ఒక అవ్వ పుల్లల మోపు దించి నా ఎదుట గొంతుక్కూర్చుంది. "ఏం రాస్తా ఉండావు నాయనా, సదువు" అంది. మొత్తం చదివాను. వెనక్కి తిరిగి "రాండి" అని ఒక్క మాట అంది. సాయంత్రానికి ఫారాలు అయిపోయాయి.

ఆమె మంత్రసాని. కాలనీలో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే. వార్డు మెంబరు కాదు, ఏ జీవోలోనూ ఆమె లేదు.

రెండోసారి ఎస్సేలో అదే రాశాను. షెడ్యూల్డ్ ఏరియాలో ఆచారానికి పీసా సెక్షన్ 4(డి) అండ ఉంది, మైదానంలో లేదు. నల్లమల చెంచు గూడేలకు 2006 అటవీ హక్కుల చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం కింద వేసే అటవీ హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది, వాళ్లలో కనీసం మూడింట రెండొంతులు గిరిజనులు, మూడో వంతు మహిళలు ఉండాలి. గూడెం ఎవరి మాట వింటుందో వాళ్లు అందులో లేకపోతే అది కాగితం కమిటీయే.

ఖాళీగా తిరిగాడన్న బంధువులకు ఒక మాట: ఆ రెండేళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకే లేచాను, ఫోన్ చెల్లెలి దగ్గరే పెట్టాను. పరీక్షకు చదివేవాళ్లు, మీరూ అలాగే చేయండి. టెన్షన్ సగం తగ్గుతుంది.

నిన్న మిఠాయి పట్టుకుని అవ్వ దగ్గరికి వెళ్లాను. ఉద్యోగం వచ్చిందంటే నా తల నిమిరి, "మా శ్మశానానికి దోవ లేదు నాయనా, అది రాసుకో" అంది.