చిన్న డబ్బా పీసీకి నాలుగు మానిటర్లు: నా అనుభవం

అనంతపురంలో ఇంట్లోనే కూర్చొని జీఎస్టీ లెక్కలు చూస్తుంటా నేను. 11న జీఎస్టీఆర్ వన్ (అమ్మకాల లెక్క), 14న టూబీ (కొన్నవాటి లెక్క) వస్తాది, 20 లోపల త్రీబీ (పన్ను కట్టే రిటర్ను) వేయాల, ఆ పది రోజులు తల ఎత్తే టైమే ఉండదు. ఒకదాంట్లో ట్యాలీ, ఒకదాంట్లో పోర్టల్, టూబీ ఎక్సెల్ ఇంకోపక్క, పార్టీలు వాట్సాప్‌లో పంపే బిల్లుల ఫోటోలు ఇంకోపక్క, ఉన్న రెండు మానిటర్లతో ఆల్ట్ ట్యాబ్ కొట్టీ కొట్టీ విసుగొచ్చి నాలుగు పెట్టుకుందాం అనుకున్నా.

మానిటర్లకేం కొదవ లేదు, మా బావమరిది ఆఫీసు ఖాళీ చేసేటప్పుడు రెండు పడేసి పోయినాడు. తంటా అంతా పీసీతోనే. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న డెల్ ఆప్టిప్లెక్స్ 3050, సన్నగా ఉండే ఎస్ఎఫ్ఎఫ్ డబ్బా. వెనక ఒక హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లేపోర్ట్, అంతే.

ముందు స్ప్లిట్టర్ కొన్నా. "ఒకటి పెడితే నాలుగు వస్తాయన్నా" అన్నాడు షాపు పిల్లోడు. నిజమే, వచ్చినాయి, నాలుగింట్లోనూ అదే ట్యాలీ! అది ఉన్న బొమ్మనే పంచుతాది గానీ కొత్త డెస్క్‌టాప్ యాడ నుంచి తెస్తాది.

తర్వాత గ్రాఫిక్స్ కార్డే వేద్దామని రెండు ఫ్యాన్లున్నది, నాలుగు జీబీది తెచ్చినా. ఇంటికొచ్చి మూత తీస్తే కార్డు పెట్టే స్లాట్ దగ్గర ఎనిమిది సెంటీమీటర్ల సందు, కార్డుకుండే ఇనుప పట్టీ పన్నెండు, మా ఆవిడ జాకెట్లు కుట్టే టేపుతో కొలిచి మరీ చూసినా. పైగా దానికి ఆరు పిన్నుల కరెంటు వైరు కావాలంట, నా దాంట్లో సప్లై 180 వాట్లదే, ఆ వైరే లేదు. షాపాయన వెనక్కి తీసుకున్నాడు గానీ ఐదొందలు పట్టుకున్నాడు.

అప్పుడు తెలిసింది లో ప్రొఫైల్ అనే మాట. సగం ఎత్తు పట్టీతో వచ్చేవి, స్లాట్ నుంచే కరెంటు తీసుకునేవి. జీటీ 1030 అట్లాంటిదే, 30 వాట్లు, కానీ వెనక పోర్టులు రెండే. ఆర్ఎక్స్ 6400 ఇంకా స్పీడు, దానికీ రెండే. నేనేమో గేమ్స్ ఆడేవాణ్ణి కాదు, ఎక్సెల్‌కి నాలుగు జీబీ ఎందుకు, నాకు కావాల్సింది వెనక పోర్టులు. ఆ లెక్కన చూస్తే దొరికినాయి క్వాడ్రోలు, ఆఫీసు పనులకని ఎన్‌విడియా చేసిన కార్డులు. పీ400కి మూడు మినీ డిస్‌ప్లేపోర్టులు, పీ620కి నాలుగు, 40 వాట్లు, రెండు జీబీ. ఆ తర్వాత వచ్చిన టీ600కి కూడా నాలుగే, 40 వాట్లే, కానీ కొత్తది కొనేంత అవసరం కనపడలా.

ఆదివారం షాపులుండవని శనివారమే బస్సెక్కి బెంగళూరు ఎస్పీ రోడ్డుకి పోయినా. మూడో షాపులో పీ620 దొరికింది. ఆయన తెలుగాయనే. "గేమింగా సార్?" "కాదన్నా, జీఎస్టీ." నవ్వి, కార్డు తీసి పెట్టినాడు, చూస్తే పట్టీ పొడుగుది! పాత పెద్ద సిస్టమ్‌లోంచి పీకింది కదా. నేను లేస్తుంటే ఉండండి సార్ అని డబ్బాలో గలగలా వెతికి పొట్టి పట్టీ తీసి, రెండు స్క్రూలు విప్పి మార్చి ఇచ్చినాడు. అక్కడే సిస్టమ్‌లో పెట్టి నాలుగు పోర్టులూ చూపించమన్నా, ఐదు వేల లోపే అయింది. మీరు కొన్నా ఆ పొట్టి పట్టీ ఉందా లేదా ముందడగండి, లేకపోతే మూత పడదు.

కేబుళ్లు ఇక్కడే తీసుకుందాంలే అని వచ్చేసినా, అది తప్పు. మినీ డీపీ (మినీ డిస్‌ప్లేపోర్ట్) టు హెచ్‌డీఎంఐ అంటే కెమెరాలకు పెట్టే మినీ హెచ్‌డీఎంఐ ఇచ్చినాడు. రెండోసారి కార్డే జేబులో పెట్టుకొని పోయి మూడు సరైనవి తెచ్చినా. నాలుగో మానిటర్‌కి పాతకాలం వీజీఏ పోర్టు ఒక్కటే ఉంది, దానికి లోపల చిప్పు ఉండే అడాప్టర్ కావాల, అది ఆన్‌లైన్‌లో.

బిగించడం పది నిమిషాలు. ఆన్ చేస్తే అంతా నలుపు, గుండె ఆగినంత పనైంది. ఏం లేదు, తొందర్లో మానిటర్ కేబుల్ పాత మదర్‌బోర్డు పోర్టులోనే పెట్టినా. కార్డుకి మార్చి, డ్రైవర్ వేసి, సెట్టింగ్స్‌లో ఎక్స్‌టెండ్ అని పెడితే నాలుగూ వేరేవేరేగా వెలిగినాయి. కావాలంటే బయాస్‌లో (విండోస్ రాకముందు తెరిచే సెట్టింగ్స్) మల్టీ డిస్‌ప్లే ఆన్ చేసి బోర్డు పోర్టులు కూడా వాడుకోవచ్చు, నాకు అంత అవసరం రాలా.

వీజీఏది మాత్రం అక్షరాలు కొంచెం మసక. మానిటర్ మీదుండే ఆటో బటన్ నొక్కితే కాస్త నయం, అంతకుమించి కాలా. అందుకని దాంట్లో వాట్సాప్ ఒక్కటే పెట్టుకున్నా. పార్టీలు పంపే బిల్లులు ఎట్లాగూ మసకే కదా.