అరమండి కాళ్లు, ఈజిప్టు నడుము

రాజమండ్రిలో ఏడేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను, డాబా మీద రేకుల షెడ్డులో. మాస్టారి దగ్గర నేను ఎక్కువసార్లు తిన్న తిట్టు ఒకటే: "నడుమెందుకే అలా ఊగిపోతుంది? బిగబట్టు!" పెళ్లయ్యాక గజ్జెలు అటకెక్కాయి. అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో కాపురం, టెస్టింగ్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు.

నాకు ముప్పయ్యెనిమిదేళ్లప్పుడు ఒకరోజు, పాపని ఈత క్లాసులో దింపి ఆ గంటసేపూ ఏం చెయ్యాలో తోచక వరండాలో తిరుగుతుంటే ఓ గదిలోంచి డప్పు వినబడింది. తొంగి చూశా. పదిమంది ఆడవాళ్లు, అందులో అరవై దాటినావిడ కూడా ఉంది, తుంటికి గుడ్డలు కట్టుకుని ఊగుతున్నారు. బెల్లీ డాన్స్ క్లాసు. "చెప్పులు అక్కడ విప్పి రా" అంది టీచర్. అంతే, వెళ్లిపోయాను.

మొదటి నెలంతా అరమండితోనే గొడవ, మోకాళ్లు వంచి పాదాలు పక్కలకి తిప్పి నించునే మన కూచిపూడి నిలుపు అది. నించోగానే పాదాలు వాటంతటవే పక్కలకి విచ్చుకునేవి. ఇక్కడేమో తిన్నగా ముందుకుండాలి. పైగా అసలు కిటుకు నడుములో లేదు, మోకాలిలో ఉంది. ఎడమకాలి మీద బరువు, కుడి మడమ పైకి, మోకాలు కాస్త చాచి వదిలేస్తే తుంటి దానంతటదే దిగుతుంది. నేనేమో బలవంతంగా కిందికి తోసేదాన్ని. మా టీచర్ అలెగ్జాండ్రియాలో పుట్టి పెరిగింది. నా తుంటి మీద అరచెయ్యి ఆనించి, "తొయ్యకు, పడనీ" అనేది. ఆ పడనివ్వడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ఈ నాట్యాన్ని ఈజిప్టువాళ్లు బెల్లీ డాన్స్ అనరు. రక్స్ షర్కీ, అంటే తూర్పు నాట్యం. పొట్ట పేరు తగిలించింది ఫ్రెంచివాళ్లు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శన తర్వాత అమెరికా అంతా అదే పట్టుకుంది.

తాళం కూడా తిప్పలే పెట్టింది. మక్సూమ్ అని ఈజిప్టు పాటల్లో అడుగడుగునా వినబడే నడక. ఎన్నిసార్లు విన్నా ఒంటికి పట్టదే! ఓ రాత్రి అంట్లు తోముతూ తోముతూ ఆపేసి, ఆదితాళంలా వేళ్ల మీద ఎనిమిది లెక్కేశా. ఒకటి, అయిదు 'దుమ్', అంటే డప్పు మీద బరువైన దెబ్బ. రెండు, నాలుగు, ఏడు 'టెక్', అంటే అంచు మీద పదునైన దెబ్బ. మిగతావి ఖాళీ. దొరికింది! ఆ నాలుగో టెక్‌ని కూడా దుమ్ చేస్తే సయీదీ, అంటే ఎగువ ఈజిప్టు పల్లెల్లో కర్ర తిప్పుతూ ఆడేది. ఒక్క దెబ్బ మారితే ఊరే మారిపోయింది.

అమ్మకి చెప్పడానికి ఏడాది పట్టింది. వీడియో చూసి, "ఏంటే ఇది, రికార్డింగ్ డాన్సా? మేళం కట్టినట్టు!" అంది. ఆ 'మేళం' చాలా రోజులు గుచ్చుకుంది. ఈజిప్టులోనూ ఇదే కథ. 1834లో అక్కడి పాలకుడు మహమ్మద్ అలీ పాషా కైరోలో బహిరంగంగా ఆడే ఆడవాళ్లని దక్షిణాదికి, ఎస్నా వైపు, వెళ్లగొట్టాడు. మనవైపు గుళ్లలో, మేళాల్లో ఆడిన కలావంతులకి ఏమైందో గోదావరి జిల్లాలవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. 1947 మద్రాసు దేవదాసీ చట్టం వచ్చాక గుళ్లో ఆడినా నేరమే. నేను నేర్చుకున్న కూచిపూడి తరతరాలుగా మగవాళ్లు ఆడింది. అదే ఆడవాళ్లు ఆడితే వేరే పేరు పెట్టారు. ఇదంతా అమ్మతో అనలేదు. ఫోన్లో అనేవి కావు.

మొదటి షో రిచర్డ్‌సన్‌లో ఓ అరబ్బు హోటల్లో, శనివారం రాత్రి. పాట ఈజిప్టు గాయని ఉమ్ కుల్సుమ్ 1964లో పాడిన 'ఎంత ఒమ్రి'. 'ఎంత' అంటే వాళ్ల భాషలో 'నువ్వు'. నాకిప్పటికీ ధర అడుగుతున్నట్టే ఉంటుంది. పాట ఎత్తుకోగానే "నీ కళ్లు..." అని వస్తుంది. నా చేతులు వాటంతటవే కళ్ల దగ్గరికి వెళ్లిపోయాయి, అభినయం! 'గడిచిపోయిన రోజులు' అనగానే చెయ్యి వెనక్కి చూపించా. ముందు బల్ల దగ్గర ఓ పెద్దాయన రొట్టె తుంచడం ఆపి, అయోమయంగా చూశాడు. మా ఆయన మెనూ కార్డులో తల దూర్చేశాడు.

తర్వాత టీచర్ అంది: "వాళ్లకి అరబ్బీ వచ్చమ్మా. నువ్వు అర్థం చెప్పక్కర్లేదు."

ఇప్పుడు నెలకి రెండు షోలు. టిప్పులు బెల్టులో దోపడానికి వీల్లేదని ముందే చెప్పేస్తాను, పళ్లెంలో వెయ్యాలి. మా ఆయన వీడియోలు తీస్తాడు, సగం హమ్మస్ ప్లేటే పడుతుంది. చేతులు ఇంకా అప్పుడప్పుడు కళ్ల దాకా వెళ్లి, దారిలో గుర్తొచ్చి వెనక్కి వస్తాయి.

కిందటి నెల షమదాన్ సంగతి మాటల్లో వచ్చింది. పెళ్లి ఊరేగింపులో వెలిగించిన కొవ్వొత్తుల స్తంభం తలమీద పెట్టుకుని ఆడతారు. అమ్మ కాసేపు మాట్లాడలేదు. "అయితే మన కూచిపూడి తరంగంలాగే. నువ్వు చెంబు మోసేదానివి కదా పళ్లెమెక్కి?" అంది. మర్నాడు మళ్లీ తనే ఫోన్ చేసింది. "ఖాళీ చెంబుతో సాధన చెయ్యకే, పడిపోద్ది. సగానికి నీళ్లు పొయ్యి."

పోశాను. ఇప్పటికి మూడుసార్లు కార్పెట్ తడిసింది.