కంప్రెసర్ మార్చే ముందు ఆ సందు కొలిపించండి

కారులో ఏసీ రావడం లేదనగానే “గ్యాస్ అయిపోయింది సార్, నింపేద్దాం” అంటే నాకు కోపం వస్తుంది. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకవుతోందని అర్థం. ఆ చోటు కనుక్కోకుండా నింపితే డబ్బు కూడా గాలిలో కలిసిపోతుంది.

మా పాత కారులో అసలు గ్యాసే తగ్గలేదు. అమ్మను మాచర్ల నుంచి గుంటూరు కంటి ఆసుపత్రికి తీసుకొచ్చే రోజుల్లో, బయలుదేరినప్పుడు చల్లగానే ఉండేది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు కనిపించేసరికి వేడిగాలి మొదలయ్యేది. మే నెల ఎండలో ఆ వయసు మనిషికి అది నరకం. బండి నీడన ఆపి ఇంజన్ చల్లారనిస్తే మళ్లీ మామూలే. ఒక వర్క్‌షాపులో గ్యాస్‌ను ఒత్తిడితో నెట్టే కంప్రెసర్ మొత్తం మార్చాలన్నారు. నేను ఒప్పుకోలేదు. పొద్దున బాగా పనిచేసేది మధ్యాహ్నానికి పాడై, సాయంత్రానికి తనంతట తాను ఎలా బాగవుతుంది?

కంప్రెసర్ ముందున్న పుల్లీ ఇంజన్ నడిచినంతసేపూ బెల్టుతో తిరుగుతూనే ఉంటుంది. ఏసీ వేస్తే లోపలి కాయిల్‌కు కరెంటు అంది, అయస్కాంతంగా మారి, ఎదురుగా ఉన్న ఇనుప ప్లేటును పుల్లీకి లాక్కుంటుంది. మనకు ‘టక్’మని వినిపించేది అదే. అది పట్టుకుంటేనే కంప్రెసర్ తిరుగుతుంది. ఈ అమరికనే క్లచ్ అంటారు.

మా వీధి చివరి ఎలక్ట్రీషియన్ బాబాయ్ “ముందు కరెంటు వస్తోందో లేదో చూద్దాం బాబూ” అన్నాడు. ఫ్యూజు బాగుంది. హారన్ రిలే (కరెంటును కలిపే చిన్న స్విచ్) కూడా అదే రకం కావడంతో దాన్ని తీసి ఏసీ రిలే స్థానంలో పెట్టి చూశాడు, తేడా లేదు. ఏసీ స్విచ్ వేసే ఉండి, చల్లదనం ఆగిపోయినప్పుడే కాయిల్ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెడితే 13 వోల్టులకు పైగా చూపించింది. నాకు అన్నిటికంటే విలువైన సమాచారం అదే. గ్యాస్ బాగా తగ్గి ఉంటే ప్రెజర్ స్విచ్ కరెంటును అక్కడిదాకా రానిచ్చేదే కాదు.

ఇంజన్ ఆపి, ప్లేటుకూ పుల్లీకీ మధ్య సందు కొలిచే పలుచని రేకు, ఫీలర్ గేజి దూర్చాడు. 0.9 మిల్లీమీటర్లు. చాలా బండ్లలో అది 0.3 నుంచి 0.6 లోపు ఉండాలి. ఏళ్ల తరబడి రాపిడికి ప్లేటు అరిగి సందు పెరిగింది. కాయిల్‌లోని రాగి తీగ ఉన్నదానికంటే మరో 70 డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం పావు వంతుకు పైగా పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది, లాగే బలం సన్నగిల్లుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో దాటగలిగిన సందును వేడిలో దాటలేకపోతోంది.

మధ్య నట్టు విప్పి ప్లేటు తీసి, లోపలి పలుచని వాషర్లలో ఒకటి తగ్గించాడు. సందు 0.5కు వచ్చింది. కొత్త సామాను ఒక్కటీ పడలేదు.

తీయడానికి వాషర్ మిగలనంతగా అరిగితే క్లచ్ సెట్టు మార్చాలి, కంప్రెసర్ కాదు. కొన్ని కొత్త కార్ల కంప్రెసర్లకు ఈ క్లచ్చే ఉండదు, వాటికి ఈ పరీక్ష వర్తించదు. మిగతావాటిలో, ఎవరైనా కంప్రెసర్ పోయిందని చెబితే, కాయిల్ దగ్గర ఎన్ని వోల్టులు వచ్చాయో, సందు ఎంత ఉందో అడగండి. ఈ రెండు అంకెలూ చెప్పలేని చోట బండి వదలకండి.