ఇరవై లక్షల పరుపు: బాలీలో బీచ్ క్లబ్బు లెక్క నేనెలా తేల్చుకున్నాను

తప్పు నాదే. బాలీలో సముద్రం ఒడ్డున కొలను, తిండి, పాటలు అన్నీ ఉండే ఒక బీచ్ క్లబ్బులో పరుపు ధర ఫోన్లో ‘2000కె’ అని ఉంటే రెండు లక్షల రుపియా అనుకున్నాను. అప్పట్లో మన రూపాయికి సుమారు 190 ఇండోనేషియా రుపియా వచ్చేది. రెండు లక్షలంటే దాదాపు 1,050 రూపాయలు. కొలను పక్కన గొడుగు కింద నలుగురికీ సరిపడే పరుపు, ఎదురుగా సముద్రం, రోజంతా మనదే, అదీ వెయ్యి రూపాయలకు. నేను ఆగలేదు. మా ఆయనకి చెప్పాను, తొమ్మిదేళ్ల మా అమ్మాయికి చెప్పాను, చివరికి అత్తయ్యగారికి కూడా చెప్పేశాను. అమ్మాయి ఆ రాత్రే స్విమ్‌సూట్ తీసి మంచం మీద పెట్టుకుంది.

మర్నాడు ఆఫీసులో భోజనం చేస్తూ మళ్లీ చూస్తే, కె అంటే వెయ్యి కదా, రెండు వేల వేలు అంటే ఇరవై లక్షలు. ఒక సున్నా మింగేశాను. 1,050 కాదు, 10,500.

బాలీకి వెళ్లే ఎవరికైనా ముందు తగిలే చిక్కు ఇదే. అక్కడ చాలా మెనూల్లో చివరి మూడు సున్నాలు వేయరు, నూడుల్స్ ధర 95 అని రాసి ఉంటే 95 వేలు అని అర్థం. కొన్నిచోట్ల కె అని వేస్తారు. మరికొన్నిచోట్ల పూర్తిగా రాస్తారు గానీ మనం కామా పెట్టేచోట చుక్క పెడతారు. మనకేమో లక్ష అనగానే గుండె ఒకసారి ఆగుతుంది, రెండు రోజులు పోయాక అసలు ఏ లక్షకీ విలువ ఉండదు. ఈ రెండూ ప్రమాదమే. చివరికి నేను పట్టుకున్న గుర్తు ఒకటే: లక్ష రుపియా నోటు చేతిలోంచి పోతే ఐదొందలు దాటి పోయినట్టు.

మాది విజయవాడ. మే నెల సెలవుల్లో కౌలాలంపూర్ మీదుగా వెళ్లాం. ఆరు రాత్రులు, మూడు సముద్రానికి దూరంగా ఉన్న ఉబుద్‌లో, మూడు సముద్రం ఒడ్డున ఉన్న లేగియన్‌లో. విమానం, హోటళ్లు ముందే కట్టేశాం. అక్కడ తిండికి, తిరుగుడికి, టికెట్లకి రోజుకి ఎనిమిది వేలు అనుకుని ఆరు కవర్లు చేశాను, ఒక్కో కవరు మీద ఒక్కో తేదీ. మా ఆయన నవ్వారు. నవ్వనీ. వీసాకి తలకి ఐదు లక్షల రుపియా, పిల్లకి కూడా అంతే. మొత్తం ఇరవై లక్షలు. 2024 ఫిబ్రవరి నుంచి పర్యాటకుల రుసుము అని తలకి ఇంకో లక్షా యాభై వేలు తీసుకుంటున్నారు, అది వేరే. అంటే నేను మోజుపడ్డ పరుపు ఖరీదూ, మా నలుగురం ఆ దేశంలో కాలు పెట్టడానికి కట్టిన వీసా ఖరీదూ ఒకటే. ఈ మాట అత్తయ్యగారితో అంటే, “ఇదేంటమ్మా, కూర్చోడానికి కూడా లెక్కా?” అన్నారు.

కూర్చోడానికి కాదు అని ఆవిడకి చెప్పడానికే నాకు ఒక సాయంత్రం పట్టింది. ఆ ఇరవై లక్షలు అద్దె కాదు, మినిమమ్ స్పెండ్. అంత మొత్తానికి అక్కడే తినాలి, తాగాలి. తినకపోతే మిగిలింది వెనక్కి రాదు. “అయితే అది తిండి డబ్బేగా, ఎలాగూ తింటాం” అన్నారు మా ఆయన. మాట బాగానే ఉంది. నేనూ కాసేపు దానికి పడిపోయాను.

క్లబ్బు వాట్సాప్ నంబరుకి ప్రశ్నలు పంపాను. ఇరవై లక్షల్లో పన్ను కలిసి ఉందా? లేదు. ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయి, అవి దేనికి? ఒకటి సర్వీసు చార్జీ, ఒకటి పన్ను. పది శాతం సర్వీసు వేసి, ఆ మొత్తం మీద మళ్లీ పది శాతం పన్ను. రెండూ కలిసి 21 శాతం. ఇరవై లక్షలు ఇరవై నాలుగు లక్షల ఇరవై వేలయ్యింది, అంటే మన డబ్బుల్లో 12,700 పైన. మా కార్డుకి విదేశీ లావాదేవీ చార్జీ మూడున్నర శాతం, దాని మీద జీఎస్టీ. అవి వేస్తే 13,260. రానూపోనూ కారుకి ఇంకో ఎనిమిది వందల నలభై. ఎనిమిది వేల కవరులోంచి పద్నాలుగు వేలు తీయాలి.

అయినా మనసు ఒప్పుకోలేదు. ఒకరోజు ఉబుద్‌లో ఊరికే గడిపితే ఆ కవరు మిగులుతుంది కదా అని మొదలుపెట్టాను. ఇలా ఒక కవరులోంచి ఇంకో కవరులోకి మార్చడం నాకు అలవాటే, ఇంట్లో కరెంటు బిల్లు డబ్బులతో చీర కొన్నది నేనే.

నన్ను ఆపింది మెనూ. క్లబ్బు మెనూ దించుకుని, కాగితం మీద మేము నలుగురం నిజంగా ఏం తింటామో రాశాను. ఆశగా కాదు, ఉన్నది ఉన్నట్టు. అత్తయ్యగారు శాకాహారి. నాసి గోరెంగ్ అంటే మన ఫ్రైడ్ రైసే గానీ అందులో గుడ్డు ఉంటుంది, చాలాచోట్ల తెరాసి అనే రొయ్యల ముద్ద కూడా ఉంటుంది, పక్కన పెట్టే సంబల్ పచ్చడిలోనూ అదే. కాబట్టి ఆవిడకి చీజ్ పిజ్జా, బంగాళాదుంప వేపుడు, కొబ్బరి బొండం. అమ్మాయికి ఆ పిజ్జాలోనే వాటా, ఐస్‌క్రీమ్. నాకు నాసి గోరెంగ్. మా ఆయనకి రెండు చిన్న బీర్లు. నేను తాగను.

పిజ్జా లక్షా నలభై వేలు, నాసి గోరెంగ్ లక్షా పది వేలు, వేపుడు రెండు ప్లేట్లు లక్షా ముప్పై, బొండాలు మూడు లక్షా తొంభై అయిదు, బీర్లు లక్షా ముప్పై, ఐస్‌క్రీమ్ డెబ్బై వేలు. మొత్తం ఏడు లక్షల డెబ్బై అయిదు వేలు.

ఇరవైలో ఏడుంముప్పావు తింటాం. మిగతా పన్నెండుంపావు లక్షలు? తినలేక తినాలి. లేదా మా ఆయన ఒక్కరే కూర్చుని తాగాలి. ఆయన ఆ కాగితం చూసి, “పద్దెనిమిది బీర్లు” అని లెక్క చెప్పి, మళ్లీ తిండి డబ్బేగా అనలేదు.

ఆ పరుపు మోసం అని నేననను. నలుగురైదుగురు స్నేహితులు పొద్దున్నే వెళ్లి, చీకటిపడేదాకా ఉండి, అందరూ తాగేవాళ్లయితే ఇరవై లక్షలు ఇట్టే అయిపోతాయి, పరుపు ఉచితంగా వచ్చినట్టే. మా ఇంటికి అది సరిపోదు, అంతే.

ఇక్కడితో వదిలేద్దును గానీ ఒక విషయం అడ్డొచ్చింది. అమ్మాయికి కావలసింది పరుపు కాదు, నీళ్లు. కూటా, లేగియన్, సెమిన్యాక్ వైపు సముద్రం చూడటానికి బాగుంటుంది గానీ అలలు పెద్దవి, లోపలికి లాగే ప్రవాహాలు ఎక్కువ. లైఫ్‌గార్డులు ఎరుపూ పసుపూ జెండాలు పాతి, ఆ మధ్యలోనే దిగమంటారు. సర్ఫింగ్ చేసేవాళ్లకి స్వర్గం, తొమ్మిదేళ్ల పిల్లకి కాదు. మా హోటల్లో స్విమ్మింగ్ పూల్ ఉందని ఫొటోలు పెట్టారు. వెళ్లి చూస్తే నలుగురు దిగితే నిండిపోయే తొట్టి. మీ హోటల్లో మంచి పూల్ ఉంటే మాత్రం బీచ్ క్లబ్బు ఆలోచన అక్కడే ఆపేయొచ్చు, క్లబ్బుకి వెళ్లేది చాలావరకు పూల్ కోసమే కాబట్టి.

అందుకని పరుపు లేకుండా లోపలికి రానిచ్చే క్లబ్బులు వెతికాను. కొన్ని పెద్దవాళ్లకి మాత్రమే, పిల్లల్ని రానివ్వరు. ఒకచోట పిల్లలు రావచ్చు గానీ పరుపు తీసుకోనివాళ్లు పూల్‌లో దిగకూడదు. ఈ మాట వాళ్ల పేజీలో ఎక్కడా లేదు, అడిగితేనే చెప్పారు. మూడోది కుదిరింది. ప్రవేశం పెద్దలకి రెండు లక్షలు, పిల్లలకి లక్ష, ఆ మొత్తం చివరి బిల్లులో తగ్గిస్తారు. పూల్‌లో దిగొచ్చు. కుర్చీలు ముందొచ్చినవాళ్లకి. మా నలుగురికీ ఏడు లక్షలు. నా కాగితం మీద తిండి ఏడుంముప్పావు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూశాక నాకు టెన్షన్ పోయింది. వాళ్లు తప్పనిసరిగా ఖర్చు పెట్టమన్నదీ, మేము ఎలాగూ పెట్టేదీ దాదాపు ఒకటే.

శని, ఆదివారాలు వద్దనుకుని బుధవారం మధ్యాహ్నం రెండున్నరకి వెళ్లాం. పొద్దున్నే వెళ్తే రెండు పూటలా అక్కడే తినాలి, పైగా ఎండ. మే చివర్లో అక్కడ సూర్యాస్తమయం ఆరుంపావు లోపే అయిపోతుంది. నాలుగు గంటలు చాలు.

గేటు దగ్గర నేల మీద చిన్న కొబ్బరాకు పళ్లెంలో పూలు, అగరొత్తి. చనాంగ్ సారి అంటారు, బాలీలో ఇంటి ముందూ కొట్టు ముందూ రోజూ పెట్టే నైవేద్యం. అత్తయ్యగారు చెప్పులు దానికి తగలకుండా చుట్టూ తిరిగి వచ్చారు. కౌంటర్లో పనిచేసే అమ్మాయి అది చూసి చేతులు జోడించి “ఓం స్వస్తియాస్తు” అని బాలీ పద్ధతిలో పలకరించింది. అత్తయ్యగారు నమస్కారం పెట్టారు. ఆ తర్వాత సంచి వెతికి మా నీళ్ల సీసాలు, అత్తయ్యగారి జంతికల డబ్బా బయటే ఉంచారు. బయటి తిండి కూడదని నాకు తెలుసు. ఆవిడకి చెప్పడం మర్చిపోయాను.

అమ్మాయి నీళ్లలోంచి బయటికి రాలేదు. పిలిచినప్పుడల్లా ఇంకో ఐదు నిమిషాలంది. ముందు వరుస కుర్చీలు అప్పటికే నిండిపోయి, మాకు వెనకవైపు, స్పీకరు పక్కన దొరికాయి. నాలుగయ్యేసరికి డీజే మొదలుపెట్టాడు. అత్తయ్యగారు కొంగు చెవులకి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు, బొండం మాత్రం రెండోది కూడా తాగారు. తువ్వాళ్లకి విడిగా డబ్బు తీసుకున్నారు, ఒక్కోటి యాభై వేలు. అది ముందే అడగాలని నాకు తట్టలేదు. రెండు తీసుకున్నాం, అందరికీ అవే.

మా ఆయన మూడో బీరు, అమ్మాయికి ఒక జ్యూసు అదనం. బిల్లు ఎనిమిది లక్షల తొంభై వేలు, 21 శాతం కలిపితే పది లక్షల డెబ్బై ఆరు వేల తొమ్మిది వందలు. కట్టిన ఏడు లక్షలు పోగా మిగిలినదానికి కార్డు ఇస్తే, మిషన్ మీద రుపియాలోనా మన రూపాయల్లోనా అని అడిగింది. మన రూపాయలు చూడగానే చెయ్యి అటే పోతుంది. అది నొక్కితే రేటు వాళ్లు వేసుకుంటారు, అది మనకి నష్టం. మా ఆయన వేలు దాదాపు దాని మీద ఉంది, పట్టుకుని రుపియా మీద పెట్టాను. కార్డు చార్జీలతో కలిపి మొత్తం 5,900 రూపాయలు. కార్లు, తువ్వాళ్లు కలిస్తే 7,270 దాకా. కవరులో ఏడు వందలు మిగిలాయి. రాత్రికి హోటల్ సందులో ఉన్న వారుంగ్‌లో, అంటే చిన్న ఇంటి హోటల్లో, గుడ్డూ తెరాసీ వేయని నూడుల్స్ రెండు ప్లేట్లు తెచ్చుకుని నలుగురం పంచుకున్నాం.

మర్నాడు సాయంత్రం లేగియన్ బీచ్‌కే నడిచి వెళ్లాం. గొడుగు, రెండు కుర్చీలు లక్ష రుపియాకి బేరం కుదిరింది, కాల్చిన మొక్కజొన్న కండెలు వేరే. అదే సూర్యుడు, డీజే లేడు. అత్తయ్యగారు కాళ్లు చాపుకుని జంతికల డబ్బా మూత తీశారు. మా అమ్మాయి ఒక జంతిక నోట్లో వేసుకుని, అలల వంక చూసి, నిన్నటి పూల్ ఇక్కడికి ఎంత దూరమని అడిగింది.