నాయనమ్మ విన్న సినిమా

నాకు ఏడేళ్లు వచ్చేసరికి మా నాయనమ్మకు చూపు పూర్తిగా పోయింది. సినిమాలంటే ఆవిడకు ప్రాణం. టీవీలో ఏదైనా సినిమా వస్తుంటే నన్ను మంచం మీద పక్కన కూర్చోబెట్టుకునేది. మాటలు ఆగిన ప్రతిచోటా "ఇప్పుడేం జరుగుతోంది తల్లీ?" అని అడిగేది. మళ్లీ మాటలు మొదలయ్యేలోపు నాకు దొరికేవి నాలుగైదు క్షణాలు. గోడ రంగు చెప్పాలా, ఆమె చేతిలో ఉత్తరం నలిగిపోతోందని చెప్పాలా? ఉత్తరం సంగతే చెప్పేదాన్ని. ఏది చెప్పాలో, ఏది వదిలేయాలో నాకు మొదట నేర్పింది ఆ మంచమే.

చదువు అయ్యాక రెండేళ్లు ఇతరుల షార్ట్ ఫిల్మ్స్‌కి పనిచేశాను. రిఫ్లెక్టర్ పట్టుకున్నాను, క్లాప్ కొట్టాను. ఎక్కువగా చేసింది మాత్రం కార్డుల్లోంచి ఫుటేజ్ కాపీ చేసే పని. మూడు కాపీలు, రెండు వేర్వేరు డ్రైవుల్లో, ఒకటి వేరే ఇంట్లో. అది పూర్తయ్యేదాకా కార్డు చెరిపేదాన్ని కాదు. ఇప్పటికీ అంతే.

తర్వాత నా కథ. ఇద్దరు అక్కచెల్లెళ్లు, చనిపోయిన తండ్రి గది ఖాళీ చేస్తున్న ఒక్క రోజు. ఇద్దరు నటులు, నాతో కలిపి నలుగురు, మూడు రోజుల షూటింగ్. కూడబెట్టిన డబ్బంతా లెన్సులకీ లైట్లకీ అద్దెగా పోయింది. సౌండ్ కోసం కెమెరా మీదే చిన్న మైక్ బిగించాం. బొమ్మ బాగుంటే మిగతాది సర్దుకుంటుందని గట్టిగా నమ్మాను.

ఎడిట్ చేశాక 22 నిమిషాలు వచ్చింది. చూసిన స్నేహితులందరూ ఫ్రేములు మెచ్చుకున్నారు. నాయనమ్మకు వినిపించాను. రెండు నిమిషాలు గడవకముందే "వీళ్లిద్దరూ ఒకే గదిలో ఉన్నారా?" అంది. అవునన్నాను. "మరి ఒకమ్మాయి మాట్లాడుతుంటే ఒక గది, ఇంకో అమ్మాయి మాట్లాడుతుంటే ఇంకో గది వినబడుతోందేం?"

ఆ రాత్రి కళ్లు మూసుకుని విన్నాను. అక్క క్లోజప్ పొద్దున తీశాం, చెల్లెలిది సాయంత్రం. ఒకదాని వెనక ఫ్యాన్ హోరు, ఇంకోదాని వెనక వీధి. కట్ పడ్డ ప్రతిసారీ గది మారిపోతోంది. పైగా మైక్ కెమెరా మీద ఉండటంతో నటులకు రెండు మీటర్ల దూరంలో ఉండిపోయింది. మైక్‌కీ నోటికీ మధ్య దూరం సగమైన ప్రతిసారీ గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గదిలో మారుమోత మాత్రం అంతే ఉంటుంది. బూమ్, అంటే చివర మైక్ బిగించిన పొడవాటి కర్ర, పట్టుకునే ఒక్క మనిషి ఉండి, మైక్ అర మీటరు దూరానికి వచ్చుంటే 12 డెసిబెల్స్ కలిసొచ్చేవి. ఈ లెక్క నాకు తెలుసు. అయినా నా సినిమాకు వర్తించుకోలేదు. ఆ బాధ చాలా రోజులు వదల్లేదు.

బాగుచేయడానికి ఐదు నెలలు పట్టింది. ముందు ఆ ఇంటికి తిరిగి వెళ్లి, ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, ఎవరూ కదలకుండా ఒక్క నిమిషం ఖాళీ గదిని రికార్డ్ చేశాను. దాన్ని రూమ్ టోన్ అంటారు. ప్రతి గదికీ తనదైన నిశ్శబ్దం ఉంటుంది. దాన్ని మాటల కింద పొడవునా పరిస్తే కట్‌ల అతుకులు కలిసిపోతాయి. షూటింగ్ రోజే లొకేషన్ వదిలేముందు తీసుకోవాల్సింది అది. పాడైపోయిన డైలాగుల్ని నటుల చేత మళ్లీ చెప్పించాను, బట్టల బీరువా తెరిచి దాని ముందు నిలబెట్టి. బట్టలు మారుమోతను మింగేస్తాయి.

ఇక చప్పుళ్లు. మౌనచిత్రాల నుంచి టాకీలకు మారుతున్న రోజుల్లో, తెరమీది బొమ్మను చూస్తూ అడుగుల చప్పుడూ బట్టల రెపరెపలూ చేసి రికార్డ్ చేసే పద్ధతికి దారి వేసినవాడు జాక్ ఫోలీ. ఆ పనికి ఇప్పటికీ ఆయన పేరే. నేను రాత్రిళ్లు ఇంట్లో అదే చేశాను. పెట్టె మూత, కాగితం మడత, నేలమీద చెప్పులు. వందల చప్పుళ్లు చేశాక, ఏ చప్పుడు అక్కర్లేదో తెలియడం మొదలైంది. పెట్టె మూసే సీన్‌లో మొదట అక్క అడుగులు పెట్టాను. తర్వాత తీసేశాను. వాటి బదులు ఖాళీ గదే ఉంచాను.

సౌండ్ కుదురుతున్నకొద్దీ బొమ్మ తగ్గింది. తలుపు చప్పుడు వినబడితే తలుపు చూపించనక్కర్లేదు కదా. అలా 22 నిమిషాలు 14కి వచ్చాయి. చివర పెట్టుకున్న పాత పాట కూడా పోయింది. ఒక పాట వాడాలంటే రెండు అనుమతులు కావాలి, రచనకూ బాణీకీ ఒకటి, ఆ రికార్డింగుకు ఒకటి. రెండూ నా చేతికి అందేవి కావు. ఇప్పుడనిపిస్తుంది, ఆ పాట నా సీన్ చేయాల్సిన పని చేసిపెడుతోందని.

ఫెస్టివల్స్‌కి పంపాను. ఆస్కార్ నిబంధనల్లో టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాల వరకు షార్ట్ ఫిల్మే. కానీ గంటన్నర షోలో ఐదారు సినిమాలు సర్దేవాళ్లకు 22 నిమిషాలంటే దాదాపు నాలుగో వంతు. నిడివి తగ్గడం అలా కూడా మేలు చేసింది. చాలా ఫెస్టివల్స్ ప్రీమియర్ అడుగుతాయి కాబట్టి, ఎంత ఆశగా ఉన్నా ఆన్‌లైన్‌లో పెట్టలేదు. తొమ్మిది చోట్ల కాదన్నారు. పదో చోట తీసుకున్నారు.

థియేటర్ కోసం డీసీపీ, అంటే థియేటర్ ప్రొజెక్టర్‌లో ఆడే డిజిటల్ కాపీ, చేయాలన్నారు. ఇక్కడ ఇంకో దెబ్బ తగిలేదే. నా కెమెరాలో 24 అని రాసున్నది నిజానికి సెకనుకు 23.976 ఫ్రేములు, డీసీపీలో నేను చేసింది సరిగ్గా 24. బొమ్మను 24కి మార్చి సౌండ్‌ను అలాగే వదిలేస్తే, 14 నిమిషాలు పూర్తయ్యేసరికి రెంటికీ మధ్య 0.84 సెకను తేడా వస్తుంది. అంటే ఇరవై ఫ్రేములు. మొదటి నిమిషంలో ఎవరికీ తెలియదు, చివరి సీన్‌లో పెదాలు ఒకచోట, మాట ఇంకోచోట. మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూశాను కాబట్టి దొరికింది. సౌండ్‌ను కూడా ఆ మేరకు వేగం పెంచి మళ్లీ చేశాను.

ప్రదర్శన రోజు నాయనమ్మను తీసుకెళ్లాను. వెనక నుంచి రెండో వరస. లైట్లు ఆరాయి. అలవాటుగా ఆవిడ చెవి దగ్గరికి వంగి కూర్చున్నాను, ఏ క్షణాన అడిగినా చెప్పడానికి. అడగలేదు. పదకొండో నిమిషంలో పెట్టె సీన్ వచ్చింది. దాదాపు రెండు నిమిషాలు మాటలుండవు. అడుగుతుందనుకున్నాను.

ఆవిడే నా వైపు వంగింది.

"పెట్టె మూసేసింది తల్లీ" అంది మెల్లిగా. కాసేపాగి, "కానీ అక్కడే నిలబడిపోయింది."